మొదటి గొట్టం

వీరేశం కళ్ళద్దాలను నుదుటి మీదికి తోసుకుని, కటకం వెనక దీపం వెలిగించాడు. చేతులకు గ్లౌజులు, నెత్తికి టోపీ, మూతికి మాస్కు. ట్రే మీది కవరు తొలగించి, ముందు వరసలోంచి ఒక గొట్టాన్ని తీసుకున్నాడు. రెండు చేతులతో పైకెత్తి, దించి, గాజు పలక మీద పరిచాడు. సన్నని సూది ఉన్న సిరంజిని దాని మీదికి వంచి, ఊపిరి బిగబట్టి ఒక్క నీటిబొట్టు వదిలాడు.

బొట్టు నిలబడింది.

చామాకు మీద వానచుక్కలా గుండ్రంగా, మెరుస్తూ, తనకూ ఆ గొట్టానికీ ఏ సంబంధమూ లేనట్టు కూర్చుంది. కటకంలోంచి చూస్తే దాని కింద సన్నని నీడ కూడా కనిపించింది. వీరేశం కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అది పరుచుకోవాలి. పరుచుకుంటేనే ఆ గొట్టం ఒంట్లోకి నొప్పి లేకుండా జారుతుంది.

రెండో గొట్టం తీశాడు. బొట్టు పడీ పడగానే, అలికిన అరుగు మీద ఒలికిన నీళ్ళలా పల్చగా పాకిపోయింది. మూడోదీ అంతే. ఆ తర్వాతివీ అంతే. మొదటిదొక్కటే మొండికేసింది. దసరా దాటి చలి మొదలైనప్పటి నుంచి విడతవిడతగా తయారై వచ్చే ఏ లాట్ చూసినా ఇదే వరస. ఒక్క గొట్టం తప్పినా లాట్ మొత్తాన్ని ఆపేయాలన్నది నియమం. ఆపిన పెట్టెలు గోదాములో కప్పు దాకా పేరుకున్నాయి.

నార్కట్‌పల్లి దాటాక హైవే పక్కన, రేకుల కప్పు కింద ఉన్న ఆ ఫ్యాక్టరీలో మూత్రం రానివాళ్ళకు పెట్టే గొట్టాలు తయారవుతాయి. ప్లాస్టిక్కు సగ్గుబియ్యం లాంటి గింజలుగా బస్తాల్లో వస్తుంది. ఏ బస్తా విప్పినా వైద్యానికి పనికొచ్చే ఒకే రకం. కరిగించి లాగితే అదే తెలుపు, అదే మెత్తదనం. కానీ కంటికి ఆనని దాని పైపొర మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఎక్కడ ఆరబెట్టారు, ఏ కవరులో చుట్టారు, ఏ గాలి తగిలింది, అన్నీ ఆ పొర గుర్తు పెట్టుకుంటుంది. లోపల ఎంత మంచి సరుకైనా మనిషి ఒంటికి తగిలేది ఆ పొరే. దాన్ని మార్చడానికే కొత్త మెషీన్ వచ్చింది. మూసిన పెట్టెలో ఊదారంగు వెలుగు పుడుతుంది. ఆ వెలుగులో కాసేపుంచితే, నీళ్ళను తోసేసే ప్లాస్టిక్కు నీళ్ళను రమ్మనే ప్లాస్టిక్కుగా మారిపోతుంది. అద్దం కిటికీలోంచి ఆ వెలుగును మొదటిసారి చూసినప్పుడు వీరేశానికి వంకాయ పువ్వు గుర్తొచ్చింది.

తలుపు తోసుకుని మహేష్ వచ్చాడు. క్వాలిటీ ఆఫీసరు. కోస్గి దగ్గర రైతుల ఇంటి పిల్లవాడు. ఇంకా పెళ్ళి కాలేదు, అప్పుడే చెంపల దగ్గర నెరిసింది.

"మళ్ళ నిలబడ్డదా అంకుల్?"

"నిలబడ్డది సార్."

"మొదటిదేనా?"

"మొదటిదే. మిగిలినయన్నీ మంచిగున్నయి."

మహేష్ స్టూలు లాక్కుని కూలబడ్డాడు. చలికి మెషీన్ వేడెక్కడం లేదని, అందుకే ముందుగా దాంట్లోకి పోయిన గొట్టాలు చెడుతున్నాయని అతని అనుమానం. పుణె నుంచి మెషీనువాళ్ళను పిలిపించాడు. వాళ్ళు మరలన్నీ విప్పి బిగించి, పక్కన హీటరు పెట్టించి పోయారు. అయినా మొదటిది మొదటిదే.

"పొద్దుగాల్నే హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. ఇయ్యాల మధ్యాహ్నం లాటే ఆఖరంట. అది గూడ పోతే మెషీన్ వాపస్ పంపుడే. పాత పైపులే చేసుకుందాం అంటున్నరు."

"మరి ట్రేలు నింపే ఆడోళ్ళ సంగతేంది సార్?"

"వాళ్ళను తీసుకున్నదే ఈ లైను కోసం గద అంకుల్."

మహేష్ లేచి వెళ్తూ గాజు పలక మీది బొట్టును ఒకసారి వంగి చూశాడు, పంటి నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టి.

పాత గొట్టాలు చెడ్డవేమీ కావు. నల్లగొండలో బీఎస్సీ చదివి, ఉద్యోగం రాక కొన్నేళ్ళు సిమెంటు దుకాణంలో కూర్చుని, చివరికి ఈ ఫ్యాక్టరీలో చేరిన వీరేశం తన పనికాలమంతా వాటి పొడవు, లావు కొలుస్తూనే గడిపాడు. అవి ఎన్నో ప్రాణాలు నిలబెట్టి ఉంటాయి. అవి పొడిగా ఉంటాయి, అంతే. ఆ పొడి అంటే ఏమిటో మాత్రం అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

అతని భార్య గ్రేస్ హాస్టల్లో వంట చేసేది. ఒక పొద్దున పప్పు తిరగమోత పెడుతూ ఒక పక్కకు ఒరిగిపోయింది. మాట తిరిగి వచ్చింది గాని నడుము కింద పట్టు రాలేదు. దవాఖానలో గొట్టం పెట్టారు. దాన్ని మార్చాల్సిన రోజు వచ్చిందంటే చాలు, ఆమె చీర కొంగును నోట్లో కుక్కుకునేది. వీరేశం తలుపు బయట నిలబడేవాడు. లోపలి నుంచి అరుపు వినపడేది కాదు. వినపడకపోవడమే అతనికి భరించరానిదిగా ఉండేది. తను కొలిచి పంపే గొట్టాలూ అలాంటివేనని అతనికి తెలుసు.

ఒక మధ్యాహ్నం, కొత్తగా వచ్చిన నర్సు ఎక్కడి నుంచో వేరే రకం గొట్టం తెచ్చింది. కవరు చింపి, నీళ్ళలో తడిపి, లోపలికి వెళ్ళింది. తలుపు తీశాక గ్రేస్ అతనికేసి ఆశ్చర్యంగా చూసింది.

"అయిపోయిందంటనా? నాకు తెల్వనే తెల్వదు," అంది. అని పక్కకు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది.

ఆమె ఆ చలికాలం దాటలేదు. కానీ ఆ మధ్యాహ్నపు నిద్ర వీరేశం దగ్గర ఉండిపోయింది. ఇంట్లో తీరిగ్గా ఆ ఖాళీ కవరు చదువుకుంటే తేలింది: అదే ప్లాస్టిక్కు, తను రోజూ చూసేదే. పైపొర ఒక్కటే వేరు. తర్వాత అలాంటి గొట్టాలు తమ దగ్గరే చేస్తారని తెలిసినప్పుడు, ఉద్యోగ వయసు అయిపోయినా ఇంకొన్నాళ్ళు ఉంచుకొమ్మని మహేష్‌ను అడిగాడు. జీవితంలో అతను ఎవరినైనా నోరు తెరిచి అడిగింది బహుశా అదొక్కటే.

మధ్యాహ్నం అన్నం గంట మోగింది. రేకుల నీడలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని డబ్బాలు విప్పారు. వీరేశం తన డబ్బాతో కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"ఏం సారూ, గట్ల మాడిన మొకం పెట్టినవు? కూర మాడిందా, లాట్ మాడిందా?" అంది నర్సింగమ్మ. ట్రేలు నింపే మనిషి. కేతేపల్లి నుంచి పొద్దున అతనితో పాటే బస్సెక్కి వస్తుంది.

"రెండూ మాడినయి చెల్లె."

"పొద్దుగాల బస్సుల మంచిగనే ఉంటివి గద. మాకందరికి ఫ్రీ, నీ ఒక్కనికే టికెటని ఫికరా? రేపు చీర కట్టుకోని ఎక్కు. కండక్టరు గుర్తు వట్టడు, నీ అంత సన్నటి మనిషిని."

"మూతిమీసం ఉండె గదనే," అంది పక్కనున్న పర్వతాలు.

"మాస్కు పెట్టుకుంటడు తియ్యి. గందుకే గద కంపినోళ్ళు ఇచ్చిండ్రు."

అందరూ నవ్వారు. వీరేశం కూడా నవ్వాడు. ఎవరో అతని డబ్బా మూతలోకి గోంగూర పచ్చడి వేశారు. ఎవరు వేశారో చూడలేదు. గ్రేస్ పోయినప్పటి నుంచి అతని డబ్బా మూత ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు.

డబ్బాలు కడిగేటప్పుడు నర్సింగమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"మధ్యాహ్నం లాట్ పోతే మమ్ముల ఇంటికి పంపుతరంట. నిజమేనా సారూ?"

అతను కుళాయి కట్టేశాడు. "చూద్దాం చెల్లె."

"పుట్టి బుద్ధెరిగిన కాడికెంచి వంగి జేసుడే. పత్తి ఏరిన, నాట్లేసిన, తట్టలు మోసిన. కూసోని, ఫ్యాను కింద, స్టూలు మీద జేసే పని నా జన్మల గిదే మొదలు. మోకాళ్ళు గిప్పుడిప్పుడే మాటింటున్నయి." ఆమె చేతులు తిరగేసి చూసుకుంది. పత్తికాయల ముళ్ళు గీరిన పాత గీతలు ఇంకా ఉన్నాయి. "తప్పు మాదేనంటున్నరట గద ఆఫీసుల? చేతులకు గ్లౌజులు, మూతికి గుడ్డ. గింత శుద్ధంగ మా ఇంట్ల బియ్యం గూడ కడుగం. మధ్యాహ్నం ట్రే నేనే తెస్త. నీ ముందట్నే నిలబడి జూస్త."

అన్నట్టే తెచ్చింది. నెత్తి టోపీని చెవుల మీదికి లాక్కుని, పసిబిడ్డను తెచ్చినట్టు ట్రేను రెండు చేతుల మీద తెచ్చి బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

వీరేశం కళ్ళద్దాలు పైకి తోశాడు. కవరు తీశాడు. ముందు వరసలోంచి ఒకటి తీసుకుని, ఎత్తి, దించి, గాజు మీద పరిచాడు. సిరంజి వంచాడు.

బొట్టు నిలబడింది.

వెనక నర్సింగమ్మ ఊపిరి వినిపించింది. అతను తల తిప్పలేదు.

"పోయిందా?"

"పోయింది."

ఆమె కదిలి దగ్గరకొచ్చి, బల్ల మీది ట్రే అంచు చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో నా తల్లి! ట్రే తిరగేసి పెట్టిన సారూ. గా చీటీ ఉన్న దిక్కు ముందటిది. భయంల సోయి లేకపాయె."

వీరేశం ట్రేను చూశాడు. నిజమే, చీటీ అవతలి వైపు ఉంది. అంటే తను ఇప్పుడు తీసింది మెషీన్‌లోకి అన్నిటికంటే ఆఖరున పోయిన గొట్టం. అప్పటికి మెషీన్ బాగా వేడెక్కి ఉంటుంది. మహేష్ లెక్క ప్రకారం దీని మీద బొట్టు పరుచుకోవాలి. అతను చెయ్యి చాపి చీటీ వైపు నుంచి ఒకటి తీశాడు. అసలైన మొదటిది. పలక మీద పెట్టి బొట్టు వదిలాడు. చల్లగా, ఏ మొండితనమూ లేకుండా అది పరుచుకుపోయింది.

"గిది మంచిగున్నది గద!" అంది నర్సింగమ్మ.

మంచిగానే ఉంది. మెషీన్‌లో మొదటిది మంచిగానే ఉంది. మరి ఇన్నాళ్ళూ తప్పుతున్న మొదటిది ఎక్కడి మొదటిది? వీరేశం రెండు గొట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

నర్సింగమ్మకు భయం కొంచెం తగ్గి, నోరు తిరిగి వచ్చింది. "గా తప్పినదాన్నే కండ్లకద్దుకుంటివి, పాపం. దానికే అదృష్టం లేకపాయె."

"ఏంది?"

"కండ్లకద్దుకుంటివి గద, మొదటిదాన్ని. బోణీ బేరం అద్దుకున్నట్టు. మాకైతే పనిల చేరిన దినమే జెప్పిండ్రు, ఏదీ మొకానికి తగిలియ్యొద్దని. సారోళ్ళకు నడుస్తదేమో అనుకున్న."

"నేనా?" అన్నాడు వీరేశం.

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

అతను, పని అప్పుడే మొదలుపెడుతున్నట్టు, ట్రేలోంచి ఇంకొకటి తీశాడు. మొదటిసారి తన చేతులను పరాయివాళ్ళ చేతుల్లా గమనించాడు. అవి వాటంతటవే లేచాయి. గడ్డం దాటి, మాస్కు దాటి పైకి వస్తున్నాయి. ఆపడానికి అతను మోచేతులను బల్లకు ఆనించాల్సి వచ్చింది. దాన్ని అలాగే దించి పలక మీద పెట్టాడు. బొట్టు పరుచుకుంది. తర్వాత ఇంకొకటి తీసుకుని, ఈసారి తెలిసి, కావాలని, రెండు కనురెప్పలకూ అద్ది, పెట్టాడు. బొట్టు నిలబడింది, ముత్యంలా.

మొహం మీది కొబ్బరినూనె. చలికాలం అతని మొహం పగులుతుంది. పొద్దున స్నానం కాగానే గ్రేస్ అరచేతిలో నూనె పోసుకుని అతని మొహమంతా, కనురెప్పల మీద కూడా రాసేది. ఆమె పోయాక ఆ పని తనే చేసుకుంటున్నాడు, ఆమె రాసినట్టే, ఆమె రాసినంతే.

అద్దుకోవడం మాత్రం తండ్రి బక్కయ్య నుంచి వచ్చింది. మూసీ కాలువ కింద పరుల మళ్ళలో నాట్లకు దిగేముందు నాయిన నారుకట్టను కళ్ళకద్దుకునేవాడు. కొడవలిని అద్దుకునేవాడు. కొడుకు బడి నుంచి తెచ్చిన పుస్తకాన్ని, తలకిందులుగా పట్టుకునే, అద్దుకునేవాడు. చేతికి వచ్చిన ఏదీ ఊరికే రాలేదన్నట్టు ఉండేది ఆయన వాలకం. పెళ్ళైన కొత్తలో వీరేశం టీ గ్లాసు అద్దుకోబోతే గ్రేస్ పగలబడి నవ్వింది. "గిట్లయితె నన్ను గూడ ఏదో ఒకనాడు కండ్లకద్దుకోని గూట్ల పెడతవు," అంది. అప్పటి నుంచి అందరి ముందూ మానేశాడు. మానేశాననే అనుకున్నాడు. పాత గొట్టాలను కూడా ఇలాగే అద్దుకుని ఉంటాడు. నీళ్ళను దగ్గరికి రానివ్వని ఆ పొరకు నూనె తగిలినా ఒకటే, తగలకపోయినా ఒకటే. ఇది కొత్త పొర. ఏది వచ్చినా రమ్మంటుంది.

"నువ్వు పో చెల్లె," అన్నాడు. "లాట్ మంచిగున్నది. మీ ట్రేలన్నీ మంచిగున్నయి. పోయి కూసో, స్టూలు మీద."

మహేష్ మెషీన్ గదిలో హీటరు ముందు నిలబడి ఉన్నాడు. వీరేశం చెప్పింది మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆరిపోయింది.

"అంకుల్, పుణె నుంచి మనుషులను రప్పించిన. హీటర్ పెట్టించిన. ఆడోళ్ళ గ్లౌజులన్నీ మార్పించిన."

"ఔను సార్."

"మీరు చెప్పకపోతే ఏమైతుండె? రేపటి నుంచి అద్దుకోకుంటే అయిపాయె. లాట్లు వాటంతటవే పాసైతుండె. నాకు గూడ తెల్వకపోతుండె."

వీరేశం ఊదారంగు వెలుగు కేసి చూశాడు. "గోదాముల ఉన్నయి గద సార్, ఆపినయి. అన్నీ మంచియే. చెప్పకపోతే వాటిని మిల్లుల ఏసి పొడి చేస్తరు. ఎక్కడెక్కడో మంచాల మీద ఉన్నోళ్ళకు పోవాల్సినయి."

మహేష్ హీటరు ఆపేశాడు. దాని ఎర్రటి తీగలు మెల్లగా నల్లబడే దాకా ఇద్దరూ నిలబడ్డారు.

"పరీక్ష చేసే మనిషి దగ్గర్నే తప్పు జరిగిందని పైకి చెప్పాలె. చెప్పినంక మిమ్ముల ఆ కుర్చీల కూసోనియ్యరు."

"నాకు ఎరుకే సార్."

"స్టోర్స్‌ల పెట్టిస్త. నేను మాట్లాడుత."

"వద్దు సార్. అక్కడ గూడ పెట్టెలు ముట్టాలె గద. నాకు అరవై దాటినయి. ఈ చెయ్యి ఇగ నా మాట ఇనదు." అని, కొంచెం ఆగి, "ఇయ్యాల్టి లాట్‌ను, గోదాముల ఉన్నవాటిని ఇంకో మనిషితోని చూపియ్యుండ్రి. మంచిగొస్తయి," అన్నాడు.

మహేష్ కాళ్ళకు మొక్కడానికన్నట్టు వంగి, అతని మోకాళ్ళ దాకా చెయ్యి పోనిచ్చి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. ఇద్దరికీ మొహమాటంగా అనిపించింది. వీరేశం అతని భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

పొద్దు వాలుతుండగా కిటికీలోంచి పల్చటి ఎండ బల్ల మీదికి వచ్చింది. వీరేశం సిరంజిని వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాడు. కటకానికి గుడ్డ కప్పబోయి, కప్పకుండా పక్కన మడిచి పెట్టాడు. అన్నం డబ్బాను సంచిలో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళకూ ఆ గదిలో అతని సొంత వస్తువు వేరే ఏదీ లేదు. అది చూసి అతనికే వింతగా, కొంచెం తేలిగ్గా అనిపించింది.

నర్సింగమ్మ ఖాళీ ట్రే కోసం వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సారూ, లైను ఉంటదంట! హెడ్డాఫీసోళ్ళు ఒప్పుకున్నరని మహేష్ సార్ వచ్చి చెప్పిండు. పర్వతాలైతె స్టూలు మీదికెల్లి లేస్తనే లేదు, ఎవలన్న గుంజుకుంటరేమోనని." ట్రే అందుకుంటూ అంది, "రేపు పొద్దుగాల నీకు సీటు ఆపుత. మొన్న లెక్క నిలబడి రాకు."

"రేపు నువ్వు కూసో చెల్లె. కాళ్ళు సాపుకోని కూసో."

ఆమె నవ్వింది. తర్వాత అతని భుజానికి ఉన్న సంచిని, బల్ల మీద మడిచిన గుడ్డను, అతని తలకు లేని టోపీని ఒక్కొక్కటిగా చూసింది. నవ్వు పోయింది. గ్లౌజు తీసేసి, గరుకు అరచేతితో అతని చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. కాసేపటికి తేరుకుని, గాజు పలక వైపు చూపించింది.

"గిదేం జేయాలె? పారేద్దునా?"

"ఉండనియ్యి," అన్నాడు వీరేశం. "పొద్దున వచ్చేటోళ్ళు తీస్తరు."

అతను వాకిట్లో చెప్పులు తొడుక్కున్నాడు. హైవే మీద సూర్యాపేట వైపు పోయే బస్సు హారను వినిపించింది. నర్సింగమ్మ ట్రేను చంకన పెట్టుకుని, దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసింది.

గదిలో గాజు పలక మీద, అతను కళ్ళకద్దుకున్న తెల్లటి గొట్టం ఉంది. దాని మీద నీటిబొట్టు, కిటికీలోంచి వచ్చే ఆ కాస్త ఎండనూ తనలో పట్టుకుని, ఇంకా నిలబడే ఉంది.